చీఫ్స్ దూరపు పాస్ ఎప్పుడు తప్పిపోయింది?

పాస్ విసిరే క్వార్టర్‌బ్యాక్‌ను కాచే రక్షణ వరుసలోని గార్డ్ జో థూనీని అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు కాన్సాస్ సిటీ చీఫ్స్ 2025 మార్చిలో షికాగో బేర్స్‌కు ఇచ్చివేసి, బదులుగా 2026 డ్రాఫ్ట్ (జట్లు కొత్త ఆటగాళ్ళను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం) నాలుగో రౌండ్‌లో ఒక్క ఎంపికతో సరిపెట్టుకోవడంతో దూరపు పాస్ ఎప్పుడు పోయిందన్న పాత తగవు మళ్ళీ రాజుకుంది. 2018లో 565 పాయింట్లు కొట్టిన జట్టు 2024లో 385 దగ్గర ఆగింది. దూరపు పాస్‌లతో హడలెత్తించిన ఆఫెన్స్ (దాడి విభాగం) అప్పటికి చిన్న పాస్‌లతో నెట్టుకొస్తోంది. 2022 మార్చిలో పాస్ అందుకునే రిసీవర్ టైరీక్ హిల్‌ను మయామీకి పంపి ఐదు డ్రాఫ్ట్ ఎంపికలు తీసుకున్న నాడే ఈ పతనం మొదలైందన్నది చాలామంది అభిమానుల నమ్మకం. హిల్ స్థాయి రిసీవర్ మళ్ళీ దొరకలేదన్న మాట నిజమే.

అయితే అంకెలు ఆ వాదనకు సహకరించవు. హిల్ ఆడిన 2021లోనే ప్రత్యర్థులు ఇద్దరు సేఫ్టీలను (చివరి రక్షకులను) బాగా వెనక నిలిపి దూరపు దారి మూసివేశారు. ఆ ఏడాది చీఫ్స్ క్వార్టర్‌బ్యాక్ పాట్రిక్ మహోమ్స్ ఒక్కో పాస్‌కు సగటున 7.4 గజాలు సాధించగా, హిల్ లేని 2022లో అది 8.1కి పెరిగింది. జారింది ఆ తరువాతే: 2023లో 7.0, 2024లో 6.8.

అసలు మలుపు 2021 ఫిబ్రవరి 7న, లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌లో, టాంపాలో వచ్చింది. రక్షణ వరుస రెండు కొసల్లో నిలిచే టాకిల్‌లు ఎరిక్ ఫిషర్, మిచెల్ ష్వార్ట్జ్ ఇద్దరూ గాయాలతో దూరమయ్యారు. గార్డ్ లోరాన్ డూవెర్నే-టార్డిఫ్ వైద్యుడు కూడా కావడంతో, కోవిడ్ రోజుల్లో ఆ సీజన్‌నే వదులుకుని మాంట్రియల్ సమీపంలోని సంరక్షణ కేంద్రంలో సేవకు వెళ్ళాడు. హిల్ మైదానంలోనే ఉన్నాడు, కానీ అతనికి బంతి విసిరే వ్యవధి ఎవరికి దక్కింది? పాస్ వేసేలోగానో, పట్టుబడేలోగానో మహోమ్స్ ఆ రాత్రి అటూ ఇటూ పరుగెత్తిన దూరం మొత్తం 497 గజాలు. నాలుగో క్వార్టర్‌లో ఒకసారి, నేలకు సమాంతరంగా పడిపోతూనే అతను విసిరిన బంతి ఎండ్ జోన్ (టచ్‌డౌన్ చేసే చివరి ప్రాంతం) దాకా వెళ్ళి సహచరుడు డారెల్ విలియమ్స్ హెల్మెట్ ముందు జాలీకి తగిలి కిందపడింది. ఒక్క టచ్‌డౌన్ కూడా లేకుండా చీఫ్స్ 31-9తో ఓడారు.

మార్చిలోనే యాజమాన్యం ఫిషర్‌ను, ష్వార్ట్జ్‌ను తొలగించి, ఐదేళ్ళకు 8 కోట్ల డాలర్ల ఒప్పందంతో థూనీని తెచ్చుకుంది. ఆ వెంటనే అదే రక్షణ వరుసలోకి ఓర్లాండో బ్రౌన్ జూనియర్, డ్రాఫ్ట్‌లో క్రీడ్ హంఫ్రీ, ఆరో రౌండ్‌లో ట్రే స్మిత్ వచ్చి చేరారు. 2022 నాటి 8.1 గజాలు ఈ గోడ చాటునుంచి వచ్చినవే. 2023లో బ్రౌన్ సిన్సినాటికి వెళ్ళాక ఎడమ టాకిల్ స్థానం కుదుటపడనే లేదు. ఎందరినో మార్చి చూసి, 2024 చివర్లో గార్డ్ అయిన థూనీనే అక్కడికి జరిపారు. ఆటగాళ్ళ జీతాలకు లీగ్ పరిమితి ఒకటి ఉన్నమాట వాస్తవమే అయినా, ఆ లోటు మూల్యం 2025 ఫిబ్రవరి 9న న్యూ ఆర్లియన్స్ సూపర్ బౌల్‌లో కనబడింది: ప్రత్యర్థి ఈగల్స్ ఒక్క బ్లిట్జ్ (అదనపు డిఫెండర్లతో క్వార్టర్‌బ్యాక్‌పై దాడి) కూడా పంపకుండానే మహోమ్స్‌ను ఆరుసార్లు పడగొట్టారు, విరామానికే 24-0. ఆ రాత్రి ఎడమ టాకిల్‌గా నిలబడినవాడు థూనీ. నెల తిరిగేసరికి అతన్నే వదులుకున్నారు.