ఫోన్‌లో సౌండ్ రాకపోతే స్పీకర్ పోయినట్టేనా?

నెల్లూరు ట్రంకు రోడ్డు పక్క సందులో ఫోన్లు బాగుచేస్తూ పన్నెండేళ్లయింది. రోజుకు ఒక్కరైనా కౌంటర్ మీద ఫోన్ పెట్టి "స్పీకర్ పోయింది, ఎంతవుతుంది?" అని అడుగుతారు. సౌండ్ రావట్లేదని చెప్పరు, స్పీకర్ పోయిందనే చెబుతారు. ఎవరో తేల్చి పంపించి ఉంటారు. విప్పకముందే చూస్తే వాటిలో చాలా ఫోన్లకు స్పీకర్ నిక్షేపంగా ఉంటుంది. సౌండ్ వేరే దారిన పోతూ ఉంటుంది.

అపోహ: సౌండ్ రావట్లేదంటే స్పీకర్ మార్చాల్సిందే.

జనం డబ్బు ఎక్కువగా పోగొట్టుకునేది దీనివల్లే కాబట్టి దీని గురించే ఎక్కువ చెబుతాను.

పోయిన వేసవిలో ఇందుకూరుపేట వైపు నుంచి ఒక పెద్దమ్మ వచ్చింది. కూతురు బెంగళూరులో ఉంటుంది, ఏడో నెల. ఫోన్ మోగుతుంది, ఎత్తితే మాట వినపడదు. "బిడ్డ అక్కడ ఎట్టుందో ఏమో నాయనా, నాకేమీ ఇనపడదే" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. అప్పటికే ఒక షాపులో 900 రూపాయలు తీసుకుని స్పీకర్ మార్చారు. అక్కడ పరీక్షిస్తే బాగానే వినపడింది, ఇంటికెళ్తే మళ్లీ అదే వరస. రెండోసారి వెళ్తే బోర్డు పోయింది, 3,500 అవుతుందన్నారట.

నా దగ్గర కాల్ చేసి చూస్తే మాట స్పష్టంగా వచ్చింది. లూజు కాంటాక్ట్ అనుకుని నేనూ స్క్రూడ్రైవర్ అందుకున్నాను. అంతలో ఆమె "షాపుకొస్తే మాట్లాడతది నాయనా, ఇంటికి పోతే మూగదైపోతది" అంది. ఆ మాటకు చెయ్యి ఆగిపోయింది. బ్లూటూత్ లిస్టు తెరిస్తే ఒక నెక్‌బ్యాండ్ పేరుంది, అంటే మెడలో వేసుకునే బ్లూటూత్ ఇయర్‌ఫోన్. "ఇదెవరిదమ్మా?" అంటే మనవడిదంది. వాడు ఇంటర్ చదువుతున్నాడు, సొంత ఫోన్ లేదు. సాయంత్రం అవ్వ ఫోన్‌లోనే వీడియోలు చూస్తాడు, రాత్రి నెక్‌బ్యాండ్‌కు చార్జింగ్ పెడతాడు, పొద్దున తలుపు వెనక మేకుకు తగిలించి కాలేజీకి పోతాడు. అది అయస్కాంతం రకం. చెవుల్లో పెట్టుకునే ముక్కలు రెండూ అతుక్కుని ఉంటే ఆగిపోతుంది, విడిపడి వేలాడుతుంటే తనంతట తానే ఆన్ అయ్యి ఫోన్‌కు కలిసిపోతుంది. కూతురు "అమ్మా, అమ్మా" అన్నదంతా తలుపు వెనక మేకుకే వినపడుతోంది. మోగడం మాత్రం ఫోన్‌లోనూ మోగుతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. మామూలు బ్లూటూత్ ఇంట్లో పది మీటర్ల దాకా అందుతుంది, నెల్లూరు దాకా అందదు. అందుకే షాపులో అంతా బాగుంది.

బ్లూటూత్‌లో కాల్స్‌కు ఒక దారి, పాటలకు, వీడియోలకు ఇంకో దారి ఉంటాయి. సెట్టింగ్స్‌లో ఆ నెక్‌బ్యాండ్ పేరు పక్కన గుర్తు నొక్కితే రెండూ విడివిడిగా కనిపిస్తాయి. కాల్స్ ఆపేసి మీడియా ఉంచాను. పిల్లవాడి వీడియోలు వాడికి, కూతురి మాటలు ఆమెకు. కాల్ మధ్యలో అయితే స్క్రీన్ మీద స్పీకర్ బొమ్మ దగ్గర బ్లూటూత్ గుర్తు ఉందేమో చూడండి, అక్కడ నొక్కి ఫోన్ ఎంచుకుంటే మాట తిరిగి చెవికి వస్తుంది. ఐఫోన్‌లోనూ కాల్ స్క్రీన్ మీద ఇలాగే మార్చుకోవచ్చు.

ఇయర్‌ఫోన్ పెట్టకపోయినా పైన హెడ్‌ఫోన్ గుర్తు కనిపిస్తుంటే కథ వేరు. జేబులో నూలుపోగులు, దుమ్ము ఇయర్‌ఫోన్ రంధ్రంలో చేరి, లేదా తడి తగిలి, ఇయర్‌ఫోన్ పెట్టారని ఫోన్ భ్రమపడుతుంది. టార్చి వేసి చూడండి. ఫోన్ ఆపేసి చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా తీయండి. పిన్నీసు మాత్రం వద్దు, లోపలి రేకులు వంగితే నిజంగానే ఖర్చు.

అపోహ: ఫోన్ మొత్తం రీసెట్ కొడితే ఈ సమస్య పోతుంది.

ఈ సలహా ఇచ్చేవాళ్ల మీద నాకు నిజంగా కోపం. రీసెట్ చేస్తే బ్లూటూత్ లిస్టు చెరిగిపోతుంది కాబట్టి సౌండ్ వస్తుంది. దాంతో రీసెట్ వల్లే బాగైందని ప్రచారం. లిస్టులో ఒక్క పేరు తీసేస్తే సరిపోయే పనికి బ్యాకప్ లేని ఫొటోలు, వాట్సాప్ మాటలు అన్నీ పోతాయి. చనిపోయిన భర్త వాయిస్ మెసేజ్‌లు ఇలాగే పోగొట్టుకుని వచ్చినావిడ ఉంది. తెచ్చి ఇవ్వడానికి నా దగ్గర ఏ దారీ లేదు. ముందు బ్లూటూత్ ఆపి చూడండి, రెండు సెకన్ల పని.

అపోహ: వాట్సాప్ వాయిస్ మెసేజ్ వింటుంటే స్క్రీన్ నల్లబడి సౌండ్ చిన్నగా వస్తోంది, వైరస్.

వైరస్ కాదు. పైన ఉండే సెన్సర్‌కు ఏదైనా అడ్డం వస్తే ఫోన్ చెవి దగ్గర పెట్టారనుకుని చెవి స్పీకర్‌కు పంపుతుంది. టెంపర్డ్ గ్లాస్ మార్చిన మర్నాడే ఈ కేసులు ఎక్కువ.

అపోహ: యాప్ వేసుకుంటే పాట కారులో, మ్యాప్ మాట ఫోన్‌లో వస్తుంది.

ఆండ్రాయిడ్ ఒక మామూలు యాప్‌కు ఇంకో యాప్ సౌండ్‌ను దారి మళ్లించే అధికారం ఇవ్వదు. సామ్‌సంగ్ ఫోన్లలో మాత్రం 'సెపరేట్ యాప్ సౌండ్' అని కంపెనీ పెట్టిందే ఉంది. గూగుల్ మ్యాప్స్‌లో అయితే దారి చెప్పే మాట బ్లూటూత్‌లో రావాలా వద్దా అనే సెట్టింగ్ లోపలే ఉంటుంది. ఊరూ పేరూ లేని యాప్‌లకు కాంటాక్ట్స్, మైకు పర్మిషన్లు ఇచ్చి టెన్షన్ పడొద్దు. ఐఫోన్‌లో యాప్‌కొక స్పీకర్ కుదరదు.

అపోహ: పాటలు బాగున్నాయి, ఆన్‌లైన్ మీటింగ్‌లో గరగర, కాబట్టి నెక్‌బ్యాండ్ డూప్లికేట్.

పాట ఒకవైపే వస్తుంది. మాటకు మైకు కూడా పనిచేయాలి కాబట్టి బ్లూటూత్ కాల్స్ దారికి మారుతుంది, నాణ్యత తగ్గుతుంది. ఇంటర్వ్యూ ఉన్న పిల్లలు ఆ గంటకు వైరు ఇయర్‌ఫోన్ వాడుకుంటే మంచిది.

దుకాణాల వాళ్లకు ఒక మాట. కౌంటర్ మీది యూపీఐ సౌండ్ బాక్సుకు సాధారణంగా సొంత సిమ్ ఉంటుంది, మీ ఫోన్ బ్లూటూత్‌తో పని లేదు. బాక్సు లేకుండా ఫోన్ యాప్ చెప్పే మాట మీదే ఆధారపడేవాళ్లకు మాత్రం అది ఇంట్లో బ్లూటూత్ స్పీకర్‌కు పోవచ్చు. మాట వినపడలేదని కస్టమర్‌తో గొడవ పడకముందు యాప్ తెరిచి చూడండి.

స్పీకర్ నిజంగా పోయే ఫోన్లు కూడా వస్తాయి. ముత్తుకూరు, విడవలూరు వైపు రొయ్యల గుంటల మీద తిరిగేవాళ్లవి ఎక్కువ. ఉప్పునీళ్ల చెమ్మకు స్పీకర్ మీది జాలీ పచ్చబడి, బ్లూటూత్ ఆపినా, వాల్యూమ్ నిండా పెట్టినా బరబరమని వస్తుంది. వాటికి మార్చడమే మందు. మార్పించుకున్నప్పుడు పాత స్పీకర్ అడిగి తీసుకోండి, నేను అడక్కుండానే కవర్లో వేసి ఇస్తాను.