సెప్సిస్‌ని పట్టించేది ముందుగా ఊపిరే

సెప్సిస్ అంటే ఏంటని నర్సింగ్ విద్యార్థుల్ని అడిగితే తరచూ వినిపించే జవాబు "రక్తంలో ఇన్ఫెక్షన్ చేరడం". అది సరిపోదు. ఊపిరితిత్తుల్లోనో, మూత్రనాళంలోనో, ఆపరేషన్ కుట్ల దగ్గరో మొదలైన ఇన్ఫెక్షన్‌ని ఎదుర్కోబోయి మన రోగనిరోధక వ్యవస్థే అదుపు తప్పి, సొంత అవయవాల్ని ప్రాణం మీదికి వచ్చేంతగా దెబ్బతీస్తే అది సెప్సిస్. 2016 నుంచి వాడుకలో ఉన్న నిర్వచనం సారం ఇదే. రక్తంలో బ్యాక్టీరియా దొరికి తీరాలనేమీ లేదు, కల్చర్ (రక్తంలో క్రిములున్నాయేమో పెంచి చూసే పరీక్ష) నెగటివ్ వచ్చినవాళ్లు కూడా దీనితో చనిపోతారు. 2017లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 4.89 కోట్ల మందికి సెప్సిస్ వచ్చిందని, 1.1 కోట్ల మంది చనిపోయారని అంచనా. అంటే ఆ ఏడాది మరణాల్లో దాదాపు ఐదో వంతు.

నిర్వచనం పరీక్షలో మార్కులు తెస్తుంది. వార్డులో మాత్రం ముందు చూడాల్సింది పేషెంట్ ఊపిరి. బీపీ, పల్స్, ఆక్సిజన్ అన్నీ మెషిన్ చెప్పేస్తుంది, ఊపిరి మాత్రం పక్కన నిలబడి నిమిషం పాటు ఛాతీ కదలికలు చూస్తూ లెక్కపెట్టాలి, డ్యూటీ హడావిడిలో ఆ నిమిషం దొరక్క చార్టులో అందరికీ 18 అనో 20 అనో రాసేస్తుంటారు. ఈ అలవాటు చదువుకునే రోజుల్లోనే పోవాలి, ఎందుకంటే ఆ ఒక్క అంకె మిగతావాటికంటే చాలాసార్లు ముందే మారుతుంది. సెప్సిస్‌లో కణాలకు ఆక్సిజన్ సరిగా అందదు, అందినా సరిగా వాడుకోలేవు, దాంతో ఆక్సిజన్ చాలనప్పుడు కణాల్లో తయారయ్యే లాక్టేట్ పెరిగి రక్తంలో ఆమ్లత్వం ఎక్కువవుతుంది, దాన్ని సరిచేయడానికి మెదడు ఊపిరి వేగం పెంచి కార్బన్ డయాక్సైడ్‌ని బయటికి తోసేస్తుంది. అందుకే బీపీ బాగానే ఉండి, ఆక్సిజన్ 97 చూపిస్తున్నా, ఊపిరి నిమిషానికి 26 ఉందంటే లోపల ఏదో జరుగుతున్నట్టే. బీపీని గుండె వేగంగా కొట్టుకుని కొంతసేపు కాపాడుతుంది. అది పడిపోయేదాకా ఆగితే చాలా ఆలస్యమైపోతుంది.

జ్వరం లేదు కదా అని ధీమాగా ఉండకూడదు. వృద్ధుల్లో, పసిపిల్లల్లో జ్వరమే రాకపోవచ్చు, ఒక్కోసారి ఒళ్లు 36 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లబడుతుంది, అది ఇంకా ప్రమాదం. నిన్న చక్కగా మాట్లాడిన పెద్దాయన ఇవాళ తానెక్కడున్నాడో చెప్పలేకపోతే వయసు మీద తోసేయొద్దు. "మా నాన్న ఎప్పుడూ ఇలా లేరమ్మా" అని ఇంటివాళ్లు చెప్పే మాటకు చాలా విలువుంది. 60 కిలోల మనిషికి గంటకు 30 మిల్లీలీటర్ల కంటే తక్కువ మూత్రం వస్తుంటే అదీ చెప్పాల్సిన విషయమే.

ఊపిరి 22 లేదా ఎక్కువ, పై బీపీ 100 లేదా తక్కువ, స్పృహలో తేడా: ఈ మూడింటిలో రెండుంటే అనుమానించాలని క్యూసోఫా స్కోరు నేర్పిస్తారు. బాగుంది, కానీ తొలి దశలో ఉన్నవాళ్లు చాలామంది దీనికి చిక్కరు, అందుకే దీన్నొక్కదాన్నే నమ్ముకోవద్దని 2021 అంతర్జాతీయ మార్గదర్శకాలు చెప్పాయి.

సెప్సిస్ బాగా ముదిరిన దశ అయిన సెప్టిక్ షాక్‌లో బీపీ పడిపోయాక మొదటి ఆరు గంటల్లో, యాంటీబయాటిక్ ఆలస్యమైన ప్రతి గంటకూ బతికే అవకాశం సగటున 7.6 శాతం తగ్గిందని 2006లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో తేలింది. బ్లడ్ కల్చర్ యాంటీబయాటిక్ కంటే ముందే తీయాలి, లేకపోతే క్రిమి దొరక్కపోవచ్చు, అలాగని కల్చర్ కోసం మందు ఆపి కూర్చోకూడదు. ఇవన్నీ మొదలవ్వాలంటే ముందు ఎవరో ఒకరు గమనించి చెప్పాలి, విద్యార్థులకు అక్కడే భయం. "పేషెంట్ ఎలాగో ఉన్నాడు" అంటే ఎవరూ పరిగెత్తుకురారు. "మేడమ్, న్యుమోనియా పేషెంట్‌కి ఊపిరి పొద్దున 18, ఇప్పుడు 26, పల్స్ 118, మాట తడబడుతోంది, సెప్సిస్ అని అనుమానంగా ఉంది, ఒకసారి చూడండి" అనాలి, చెప్పిన టైమ్ చార్టులో రాయాలి, ఎవరూ రాకపోతే కాసేపటికి మళ్లీ లెక్కపెట్టి ఇంకా పైవాళ్లకు చెప్పాలి.