రసాయనశాస్త్రానికి పొరుగు పాఠాలు

విశాఖపట్నంలో పదో తరగతి చదివే విద్యార్థి ఏ దిక్కుకు వెళ్లినా రసాయనశాస్త్రం ఎదురుపడుతూనే ఉంటుంది. ఒకవైపు చమురు శుద్ధి కర్మాగారం, ఇంకోవైపు ఎరువుల కర్మాగారం, గాజువాక దాటితే ఉక్కు కర్మాగారం, భీమిలి దారిలో ఐరన్ ఆక్సైడ్ వల్ల ఎరుపెక్కిన ఎర్రమట్టి దిబ్బలు, అరకు దారిలో సున్నపురాయి కరిగి పేరుకున్న బొర్రా గుహలు. తరగతి గదిలోకి వచ్చేసరికి మాత్రం ఆ శాస్త్రమంతా తుల్యం చేయవలసిన సమీకరణాలుగా, ఇంటర్మీడియట్‌లోనైతే ఎంట్రన్స్ పరీక్షలో గుర్తు పెట్టవలసిన నాలుగు ఐచ్ఛికాలుగా మిగులుతోంది. ఆ చర్యను మనుషులు మొదట ఏ అవసరం కొద్దీ చేశారు, దానివల్ల ఎవరు బాగుపడ్డారు, ఎవరు నష్టపోయారు అనే ప్రశ్నలు సాంఘిక శాస్త్రం పీరియడ్‌కు పోతున్నాయి. ఆ పదార్థపు రంగు, వాసన, వాడుక తెలుగు పీరియడ్‌లో ఎక్కడో పద్యంలో కనిపించి పోతున్నాయి. ఈ విభజన టైమ్‌టేబుల్ సౌకర్యం కోసం చేసుకున్నది. చరిత్రను, సాహిత్యాన్ని, ఆర్థిక, పౌర విషయాలను రసాయనశాస్త్రం పక్కన చేర్చి చెప్పమని అడిగేది పాఠాన్ని తియ్యగా చేయడానికి కాదు. చాలా భావనల విషయంలో రసాయనశాస్త్రమే అలా చెప్పినప్పుడు ఎక్కువ స్పష్టంగా బోధపడుతుందని నా గట్టి నమ్మకం.

ఈ ఆలోచనకు బోధనా పరిశోధనలో ఆధారం ఉంది. గ్లాస్గో విశ్వవిద్యాలయానికి చెందిన అలెక్స్ జాన్‌స్టన్ రసాయనశాస్త్రం ఎందుకు కష్టమనిపిస్తుందో వివరిస్తూ ఒక త్రిభుజాన్ని ప్రతిపాదించారు. కంటికి కనిపించే పదార్థం ఒక మూల, కంటికి కనిపించని అణువులూ అయాన్లూ రెండో మూల, సంకేతాలూ సమీకరణాలూ మూడో మూల. ఉపాధ్యాయుడు ఒకే వాక్యంలో మూడు మూలలూ తిరిగి వస్తాడు. విద్యార్థి ఏదో ఒక మూల దగ్గర ఆగిపోతాడు. తరువాత కెనడాకు చెందిన పీటర్ మహాఫీ ఆ త్రిభుజానికి నాలుగో శీర్షంగా మనిషిని చేర్చి దానిని చతుర్ముఖిగా మార్చారు. నాలుగో శీర్షం వల్ల మిగతా మూడింటి మధ్య రాకపోకలు సులువవుతాయా లేదా అన్నది ఒక పదార్థాన్ని చేతిలోకి తీసుకుని చూస్తేనే తేలుతుంది. అందుకు నేను ఎంచుకునేది లక్క.

విశాఖకు నైరుతి దిశలో, వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. అక్కడి లక్క బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ కళాకారుడు రంగు కలిపిన లక్క కడ్డీని దానికి ఆనిస్తాడు. తిరిగే కర్రకూ కడ్డీకీ మధ్య ఒరిపిడికి వేడి పుడుతుంది, ఆ వేడికి లక్క మెత్తబడి కర్ర మీద పలుచని పొరగా పరుచుకుంటుంది, ఆపైన మొగలి ఆకుతో అదిమిపడితే మెరుపు వస్తుంది. పొయ్యి లేదు, ద్రావణి లేదు, బ్రష్ లేదు. యాంత్రిక శక్తి ఉష్ణంగా మారడం, గట్టి పదార్థం మెత్తబడడం, చల్లారి మళ్లీ బిగుసుకోవడం అన్నీ కొద్ది క్షణాల్లో కళ్లెదుటే జరిగిపోతాయి.

ఇక అణువుల సంగతి. మోదుగ, రేగు, పుసుగు వంటి చెట్ల కొమ్మల మీద గుంపులుగా బతికే చిన్న పురుగులు తమ చుట్టూ స్రవించుకునే రెసిన్ లక్క. అందులో ఆల్యూరిటిక్ ఆమ్లం వంటి హైడ్రాక్సీ ఆమ్లాలు ఎస్టర్ బంధాలతో ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. పాలిస్టర్ చీర పేరు తెలిసిన విద్యార్థికి ఈ పురుగు మనకంటే ముందే ఒక రకమైన పాలిస్టర్‌ను తయారుచేస్తోందని చెబితే పాలిమర్ల అధ్యాయానికి మంచి ద్వారం దొరికినట్టే. సుమారు 65 నుంచి 75 డిగ్రీల మధ్య లక్క మెత్తబడుతుంది. ఎక్కువసేపు వేడి మీద ఉంచితే మాత్రం అణువుల మధ్య అడ్డుబంధాలు పెరిగి ఇక కరగని ముద్దగా మారుతుంది. బొమ్మలు చేసేవారు లక్కను ఎంత వేడి చేయాలో ఎక్కడ ఆపాలో చేతి అలవాటుతో తెలుసుకుంటారు. ఆ అలవాటు వెనుక ఉన్నది ఈ అడ్డుబంధాల రసాయనమే.

ముడి లక్కను దంచి నీళ్లతో కడిగితే ఎర్రని రంగు నీటిలోకి దిగుతుంది, రెసిన్ మాత్రం దిగదు. రెసిన్ కరగాలంటే ఆల్కహాల్ గాని, సోడా వంటి క్షారం కలిపిన నీరు గాని కావాలి. ద్రావణీయత మీద ఇంతకంటే చక్కని పాఠం నాకు తోచదు. ఆ ఎరుపే మన కావ్యాల్లో నాయికల పాదాలకు అలంకారమైన లత్తుక. తెలుగు ఉపాధ్యాయుడు లత్తుక ప్రస్తావన ఉన్న పద్యం చెప్పిన వారంలోనే రసాయనశాస్త్రం మాస్టారు లక్కను కడిగి చూపిస్తే ఆ రెండు పాఠాలూ ఒకదానినొకటి పట్టుకుని నిలుస్తాయి.

భారత కథలోని లక్క ఇల్లు తెలియని తెలుగు పిల్లలు తక్కువ. పాండవులను దహించడానికి దుర్యోధనుడు వారణావతంలో కట్టించిన ఆ ఇంట్లో అడుగుపెట్టగానే ధర్మరాజు నెయ్యి, కొవ్వు, లక్క కలిసిన వాసన పసిగట్టి అది నిప్పు అంటుకునే ఇల్లని భీముడికి చెబుతాడు. వాసన అంటే ఏమిటి అని తరగతిలో అడగడానికి ఇంతకంటే మంచి సందర్భం ఏముంది? ఏ పదార్థం నుంచైనా కొన్ని అణువులు ఆవిరై గాలిలో కలిసి ముక్కును చేరితేనే వాసన తెలుస్తుంది. కార్బన్, హైడ్రోజన్ సమృద్ధిగా ఉన్న లక్క, నెయ్యి, కొవ్వు మండితే చాలా ఉష్ణం వెలువడుతుంది. రాతి గోడ ఎందుకు మండదు, లక్క గోడ ఎందుకు మండుతుంది అన్న ప్రశ్నకు జవాబు రాసే విద్యార్థి దహనచర్య సమీకరణాన్ని అర్థం తెలిసే రాస్తాడు.

లక్క కథ అక్కడితో ఆగదు. వినైల్ రాకముందు గ్రామఫోన్ రికార్డులను లక్కతోనే, ఖనిజాల పొడి కలిపి, చేసేవారు. మన తాతలు విన్న నాటక పద్యాలు ఆ పెళుసు పళ్లేల మీదే నమోదయ్యాయి. ఇక రంగుల సంగతికి వస్తే, పసుపు రంగు కోసం లెడ్ క్రోమేట్ వంటి సీసపు లవణాలను పెయింట్లలో వాడడం లోకమంతటా ఉన్నదే. పసిపిల్లలు నోట్లో పెట్టుకునే బొమ్మ మీద అలాంటి రంగు ఉంటే ఏమవుతుందన్నది ప్రజారోగ్య ప్రశ్న, ఎగుమతి ప్రశ్న కూడా. ఏటికొప్పాకలో మొక్కల నుంచి తీసిన రంగులకు మళ్లీ ప్రాణం పోసిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ లభించింది. ఆ కృషిని కళల పాఠంగా చెప్పడం ఎంత న్యాయమో, రంజకాల రసాయనంగా చెప్పడమూ అంతే న్యాయం. పసుపులోని కర్క్యుమిన్ సున్నం తగలగానే ఎరుపెక్కుతుంది. పెళ్లిలో పారాణి చేసేటప్పుడు జరిగేది అదే, ప్రయోగశాలలో క్షారానికి సూచికగా పసుపు కాగితం చేసే పనీ అదే.

ఇలాంటి సంబంధాలు పోగుచేయడం తేలిక కనుకనే ఒక కొలమానం పెట్టుకోవడం అవసరమని చెబుతున్నాను. కథ గాని చరిత్ర గాని విద్యార్థిని అణువు దాకా, సమీకరణం దాకా, కొలత దాకా తీసుకువెళ్లాలి. తీసుకువెళ్లకపోతే ఆ సమయంలో పది లెక్కలు చేయించడం మేలు. ఉదాహరణకు ఉప్పు, కర్పూరం చూడడానికి ఒకేలా ఉంటాయనీ రుచి చూస్తే తేడా తెలుస్తుందనీ చెప్పే వేమన పద్యాన్ని అయానిక, సమయోజనీయ బంధాల పాఠం ముందు చదివించి వదిలేస్తే అది అలంకారమే. ప్రయోగశాలలో ఏ పదార్థాన్నీ నోట్లో పెట్టుకోరాదన్న నియమం గుర్తుచేసి, రుచి చూడకుండా ఆ తేడాను నిరూపించండి అని అడిగితే పద్యం ప్రయోగంగా మారుతుంది. ఒకరు నీటిలో వేసి చూస్తారు, ఒకరు ఆ నీటిలో విద్యుత్తు ప్రవహిస్తుందేమో పరీక్షిస్తారు, ఇంకొకరు కొద్దిగా వేడిచేసి కర్పూరం కరగకుండానే ఆవిరి కావడం గమనిస్తారు. ఉప్పు ద్రవీభవించడానికి 801 డిగ్రీలు ఎందుకు కావాలో అప్పుడు చెబితే, ఎదురెదురు ఆవేశాల మధ్య ఆకర్షణ అన్న మాటకు బరువు వస్తుంది.

చరిత్రను వాడేటప్పుడు ఇంకొక జాగ్రత్త ఉంది. మన పూర్వులకు అంతా తెలుసునని చెప్పడం శాస్త్రానికీ చరిత్రకూ కూడా అపచారమే. 1896లో మెర్క్యురస్ నైట్రైట్ అనే పాదరస సమ్మేళనం తయారీని ప్రకటించిన రసాయన శాస్త్రవేత్త ప్రఫుల్ల చంద్ర రాయ్ 1902లో హిందూ రసాయనశాస్త్ర చరిత్ర మొదటి సంపుటం వెలువరించారు. ప్రాచీన గ్రంథాలను ఆధారాలతో తూచి చదవడమూ పరీక్షనాళికలో ఫలితాన్ని నిర్ధారించుకోవడమూ ఆయన దృష్టిలో ఒకే క్రమశిక్షణ. పిల్లలకు చూపించవలసింది ఆ క్రమశిక్షణను.

అందుకు జింకు మంచి ఉదాహరణ. జింకు ఆక్సైడ్‌ను బొగ్గుతో క్షయకరణం చేసి, అంటే అందులోని ఆక్సిజన్‌ను లాగేసి, లోహాన్ని రాబట్టడానికి సుమారు వెయ్యి డిగ్రీల వేడి కావాలి, కాని జింకు 907 డిగ్రీలకే మరుగుతుంది. అంటే లోహం పుట్టీ పుట్టగానే ఆవిరి అవుతుంది, గాలి తగిలితే మళ్లీ తెల్లని ఆక్సైడ్ పొడిగా మారిపోతుంది. ఇనుములా, రాగిలా కొలిమి అడుగున అది చేరదు. ఈ చిక్కును రాజస్థాన్‌లోని జవార్ పనివారు వంకాయ ఆకారపు మట్టి మూసలను, అంటే కొలిమిలో వేడిచేసే పాత్రలను, తలకిందులుగా అమర్చి, కిందనున్న చల్లని గదిలోకి ఆవిరిని దించి గడ్డకట్టించి పరిష్కరించారు. రసరత్నసముచ్చయం అనే పాత సంస్కృత రసశాస్త్ర గ్రంథంలో వంకాయ ఆకారపు మూస వర్ణన ఉంది. 1980ల తవ్వకాల్లో అలాంటి మూసలతో కూడిన కొలిములే బయటపడ్డాయి. గ్రంథం చెప్పిందీ నేల చూపిందీ ఒకటి కావడం వల్లనే ఇది చరిత్రగా నిలబడింది. ఐరోపాలో విలియం చాంపియన్ జింకు స్వేదనానికి పేటెంటు పొందింది 1738లో. విశాఖలోనూ జింకు కర్మాగారం ఉండేది, ఇప్పుడు మూతపడింది. జింకు గనులు రాజస్థాన్‌లో ఉండగా కర్మాగారాన్ని ఇంత దూరాన ఓడరేవు పక్కన ఎందుకు పెట్టారన్నది భూగోళం, ఆర్థికశాస్త్రం, రసాయనశాస్త్రం ముగ్గురు మాస్టార్లూ కలిసి ఇవ్వదగిన ప్రాజెక్టు. రాగి, జింకు కలిపి చేసే ఇత్తడికి నమూనాగా శ్రీకాకుళం జిల్లా బుడితి పాత్ర ఒకటి బల్ల మీద ఉంటే ఇంకా మంచిది.

విశాఖలో రసాయనశాస్త్రం చెప్పేవారు తప్పించుకోరాని పాఠం ఒకటుంది. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురం వద్ద ఒక కర్మాగారం నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీదికి వచ్చి పన్నెండు మంది ప్రాణాలు తీసింది. వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. స్టైరీన్ అణువులు తమంతట తామే ఒకదానితో ఒకటి కలిసి పాలిస్టైరీన్‌గా మారే స్వభావం కలవి. మన పిల్లలు ప్రాజెక్టుల కోసం కోసే థర్మోకోల్ ఆ పాలిస్టైరీనే. కలిసిన ప్రతిసారీ ఉష్ణం వెలువడుతుంది, ఉష్ణం పెరిగితే కలయిక ఇంకా వేగవంతమవుతుంది. అందుకే నిల్వ ట్యాంకులో ఆ కలయికను అడ్డుకునే నిరోధకాన్ని కలుపుతారు, చల్లగా ఉంచుతారు. ఆ నిరోధకం కాలం గడిచేకొద్దీ ఖర్చవుతుంది, అది పనిచేయడానికి ద్రవంలో కొంత ఆక్సిజన్ కరిగి ఉండడమూ అవసరం. లాక్‌డౌన్ రోజుల్లో పని ఆగినా ట్యాంకులోని చర్య ఆగదు. స్టైరీన్ అణుభారం 104, గాలి సగటు అణుభారం 29. భాగిస్తే ఆ ఆవిరి గాలికంటే మూడున్నర రెట్లకు పైగా బరువైనదని తెలుస్తుంది. అది నేలబారున పరుచుకుంటుందనీ, నిద్రలో ఉన్నవారికి ఎక్కువ ప్రమాదమనీ ఆ చిన్న భాగహారమే చెబుతుంది.

ఇక్కడి నుంచి పౌరశాస్త్రంలోకి అడుగుపెట్టకుండా ఉండడం సాధ్యం కాదు. 1984లో భోపాల్, 1985లో ఢిల్లీలో ఓలియం (అతి గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం) లీకు, ఆ తరువాత ప్రమాదకర పరిశ్రమకు, తప్పు ఎవరిదన్న దానితో పనిలేకుండా, సంపూర్ణ బాధ్యత ఉంటుందని సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం, ఫ్యాక్టరీల చట్టానికి 1987లో చేసిన సవరణ అన్నీ ఒక వరుసలో వస్తాయి. కర్మాగారం చుట్టూ ఇళ్లు ఎలా వచ్చాయి, చుట్టుపక్కలవారికి లోపల ఏ పదార్థం ఉందో తెలుసుకునే హక్కు ఉందా, సైరన్ మోగితే ఎటువైపు వెళ్లాలి? గాలి వీచే దిశకు అడ్డంగా, మెరక వైపు వెళ్లాలన్న జవాబును గాలి తీరు నుంచి, అణుభారం నుంచి రాబట్టగల విద్యార్థికి ఆ జవాబు కంఠస్థం చేయవలసిన అవసరం ఉండదు. ఆ ఊరి పిల్లలు తరగతిలో ఉన్నప్పుడు ఈ పాఠాన్ని ఎంతో సున్నితంగా చెప్పాలి, అయినా చెప్పకుండా దాటవేయడం వారికి చేసే మేలు కాదు.

ఇవన్నీ చెప్పడానికి పీరియడ్లు ఎక్కడివని ఉపాధ్యాయులు అడుగుతారు, అది సమంజసమైన ప్రశ్నే. ఏడాది పొడవునా ప్రతి అధ్యాయాన్నీ ఇలా చెప్పమనడం అత్యాశ. ఒక టర్మ్‌కు ఒక పదార్థం చాలు. ముగ్గురు నలుగురు ఉపాధ్యాయులు సెలవుల్లోనే కూర్చుని తమ తమ పాఠాల్లో అది ఎక్కడ తగులుతుందో గుర్తిస్తే అదనపు పీరియడ్ అవసరం పెద్దగా ఉండదు. అసలు అడ్డంకి ప్రశ్నపత్రం. పరీక్షలో అడగని దానిని పిల్లలు చదవరు, తల్లిదండ్రులు చదవనివ్వరు. కాబట్టి మార్పు ప్రశ్న అడిగే తీరులో రావాలి.

అనకాపల్లి బెల్లాన్ని తీసుకోండి. చెరకు రసంలో ఆమ్లత్వం ఎక్కువైతే సుక్రోజ్ జలవిశ్లేషణ చెంది, అంటే నీటితో చర్య జరిపి విడిపోయి, గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అవుతుంది, బెల్లం గట్టిపడదు. అందుకే కాచేటప్పుడు సున్నం వేస్తారు. సున్నం మితిమీరితే బెల్లం నల్లబడుతుంది. మార్కెట్లో తెల్లని బెల్లానికి ధర ఎక్కువ గనుక హైడ్రోస్ అనే సోడియం హైడ్రోసల్ఫైట్‌తో రంగును క్షయకరణం చేసి పోగొట్టేవారున్నారు, నిల్వలో గాలి తగిలి ఆ రంగు కొంత తిరిగి వస్తుంది. ఒక రైతు సున్నం తగ్గించాడు, ఇంకొక రైతు హైడ్రోస్ కలిపాడు; నెల తరువాత ఇద్దరి బెల్లం దిమ్మలు ఎలా ఉంటాయి, కొనేవారు ఏ రంగుకు ఎక్కువ ధర ఇవ్వడం వల్ల రెండో రైతు ఆ పని చేశాడు, ఆ పరిస్థితి మారాలంటే మార్కెట్ యార్డులో ఏమి మారాలి? ఐదు మార్కుల ఈ ప్రశ్నలో క్షయకరణం, ఆమ్లక్షారాలు, జలవిశ్లేషణ మూడూ పాఠ్యప్రణాళికలో ఉన్నవే.