విలియమ్స్ చారలు రావట్లేదా? ముందు వోల్టులు తగ్గించండి

ఎంబీబీఏ అనే లిక్విడ్ క్రిస్టల్‌ని రెండు గాజుపలకల మధ్య పల్చగా నింపి (అదే సెల్) వోల్టేజీ ఇస్తే మైక్రోస్కోపులో వరసగా కనిపించే గీతలే విలియమ్స్ చారలు. ఎమ్మెస్సీ ప్రాజెక్టుల సీజన్ మొదలైతే వైజాగ్‌లో నాకు ఒకటే ఫిర్యాదు: "సార్, చారలు రావట్లేదు, ఎంబీబీఏ పాడైపోయింది, కొత్తది తెప్పించండి." చాలాసార్లు పాడైంది ఎంబీబీఏ కాదు, లెక్క.

అపోహ: సెల్ మందం ఎన్ని రెట్లు పెరిగితే వోల్టేజీ అన్ని రెట్లు పెంచాలి.

వాస్తవం: అక్కర్లేదు. తక్కువ ఫ్రీక్వెన్సీ ఏసీలో ఎంబీబీఏకి 6 నుంచి 8 వోల్టుల ఆర్‌ఎంఎస్ (ఏసీ ప్రభావ విలువ) చాలు, సెల్ 20 మైక్రాన్లయినా 100 అయినా. డైరెక్టర్ (అణువులు సగటున చూసే దిశ) కాస్త వంగగానే అయాన్లు పక్కలకి జరిగి గుంపులు కడతాయి, వాటిని ఫీల్డు లాగితే ద్రవం కదులుతుంది, ఆ ప్రవాహం వంపుని ఇంకా పెంచుతుంది, కార్, హెల్ఫ్రిచ్ అనే శాస్త్రవేత్తలు చెప్పిన కథ ఇదే. మందం పెరిగితే ఫీల్డు తగ్గేమాట నిజమే, కానీ చారల వెడల్పు కూడా మందంతోపాటే పెరిగి, వంపుని వెనక్కి లాగే ఎలాస్టిక్ టార్క్ ఫీల్డు వర్గం (స్క్వేర్) తగ్గినంతే పడిపోతుంది. కటాఫ్ ఫ్రీక్వెన్సీ (ఏసీ వేగాన్ని అయాన్లు అందుకోలేని హద్దు) దాటాక మాత్రం ఫీల్డే లెక్క, అక్కడ మందంతోపాటు వోల్టేజీ పెంచాల్సిందే. ఈ అపోహ అక్కడినుంచే వచ్చిందని నా అనుమానం.

మొన్న ఒకమ్మాయి కళ్లనీళ్లతో వచ్చింది, వైవా దగ్గర పడిందని టెన్షన్. 50 మైక్రాన్ల సెల్‌కి 40 వోల్టులు ఇచ్చేసింది, సెల్ పాలలా తెల్లబడింది. అది పాడవడం కాదమ్మా, డైనమిక్ స్కాటరింగ్, అంటే ద్రవం అల్లకల్లోలమై వెలుగుని చెదరగొట్టడం, 1968లో అమెరికా కంపెనీ ఆర్‌సీఏ వాళ్లు చూపించిన తొలి ఎల్‌సీడీలు దానిమీదే నడిచాయి అన్నాను. 5కి దించి, కొంచెం కొంచెంగా పెంచుతూ ప్రతిసారీ కాసేపు ఆగమన్నాను. రబ్బింగ్ దిశకి (అణువులు ఒకే వైపు చూసేలా గాజుని రుద్దిన దిశ) అడ్డంగా చారలు వరసగా లేచాయి. అన్నట్టు జనరేటర్ మీద కనిపించేది ఆర్‌ఎంఎస్సా, పీక్-టు-పీక్ (పై కొన నుంచి కింది కొన దాకా) విలువా, చూసుకోండి. సైన్ వేవ్‌లో 8 ఆర్‌ఎంఎస్ అంటే పీక్-టు-పీక్‌లో 22.6.

మిగతా అపోహలు గబగబా. ఎంత శుద్ధి చేస్తే అంత మంచిదనుకుంటారు, అయాన్లే లేకపోతే ఈ చారలే లేవు. బ్యాటరీతో డీసీ ఇచ్చినా అంతే కదా అంటారు, కాదు, ఎలక్ట్రోడ్ల దగ్గర రసాయన చర్య జరిగి శాంపిల్ నిజంగానే పాడవుతుంది. మన సముద్రపు తేమలో సీసా మూత తీసి టీకి వెళ్లినా ఎంబీబీఏ హైడ్రాలిసిస్‌కి లోనవుతుంది, అంటే తేమతో చర్య జరిపి విడిపోతుంది. క్లియరింగ్ పాయింట్ (లిక్విడ్ క్రిస్టల్ మామూలు ద్రవంగా మారే వేడి) 45 డిగ్రీల దరిదాపుల్లో ఉండాలి, బాగా కిందకి జారితే అప్పుడు అనుమానించండి.

ఇక టీవీ తెరమీద నిలువు గీతలు ఇవి కావు, ప్యానెల్‌కి సిగ్నల్ తెచ్చే కనెక్షన్ల గొడవ. మెకానిక్‌కి చూపించండి, నాకు ఫొటోలు పంపకండి.