ముందు చక్రాల మీది బరువు ఎటు దిగుతోంది?

పిల్లలూ,

పాత కారు గుంటలో పడ్డప్పుడల్లా ముందు నుంచి టకటకమంటోందనీ, సస్పెన్షన్ సామాను, అంటే గతుకుల కుదుపుని తట్టుకునే భాగాలు, ఇంట్లోనే మార్చుకోవాలనుందనీ అడుగుతున్నారు. మార్చుకోవచ్చు. ఏ నట్టుకి ఏ స్పానరో మాత్రం నేను రాయను. అది మీ బండి వర్క్‌షాప్ మాన్యువల్లో ఉంటుంది. ఆ పుస్తకం చేతికి వచ్చేదాకా పని మొదలుపెట్టకండి. నేను చెప్పదలచుకుంది ఒక్కటే. బండి బరువు ఏ దారిన నేలకు దిగుతోందో వేలితో చూపించగలిగాకే స్పానర్ పట్టుకోండి. జాకీ ఎక్కడ పెట్టాలి, ఏది ముందు విప్పాలి, ఏ బోల్టు ఎప్పుడు బిగించాలి, అన్నిటికీ జవాబు ఆ దారిలోనే ఉంది.

చాలా పాత కార్లలో ముందు ఒక్కో చక్రానికి పైన ఒక ఆర్మ్, కింద ఒక ఆర్మ్ ఉంటాయి, ఇవి పైకీ కిందికీ ఊగే లోహపు చేతులు. వాటి లోపలి కొసలు రబ్బరు బుష్‌ల మీద ఛాసీకి, అంటే బండి అస్థిపంజరానికి, పట్టి ఉంటాయి. బయటి కొసల్లో అన్ని వైపులా తిరిగే గుండు కీళ్లు, అవే బాల్ జాయింట్లు, వాటి మధ్య చక్రాన్ని పట్టుకున్న స్టీరింగ్ నకిల్. స్ప్రింగు ఎక్కువగా కింది ఆర్మ్ మీద కూర్చుంటుంది. అంటే బరువు ఛాసీ నుంచి స్ప్రింగులోకి, అక్కణ్ణుంచి కింది ఆర్మ్‌కి, కింది బాల్ జాయింటు గుండా నకిల్‌కీ, హబ్‌కీ (చక్రం బిగించే మధ్య భాగం), టైరుకీ పోతుంది. పై బాల్ జాయింటు ఈ దారిలో లేదు. చక్రం పక్కకు వాలకుండా పట్టుకోవడమే దాని పని. అందుకే అలాంటి బండ్లలో సాధారణంగా ముందు అరిగేది కింది జాయింటు.

అన్ని బండ్లూ ఇలాగే ఉంటాయనుకోకండి. 1964లో వచ్చిన మొదటి తరం ఫోర్డ్ మస్టాంగ్‌లో స్ప్రింగు పై ఆర్మ్ మీద ఉంటుంది, అక్కడ బరువు మోసేది పై జాయింటు. 1948 నాటి మోరిస్ మైనర్‌లో ముందు కాయిల్ స్ప్రింగే లేదు. ఛాసీ వెంట పొడుగ్గా పడుకున్న టార్షన్ బార్ మెలిపడుతూ బరువు మోస్తుంది. 1950లో బయటికొచ్చిన ఫోర్డ్ కాన్సుల్‌లో పై ఆర్మ్ తీసేసి, స్ప్రింగునీ, దాని ఊపుని అణిచే షాక్ అబ్జార్బర్‌నీ కలిపి మాక్‌ఫెర్సన్ స్ట్రట్ పెట్టారు.

ఇంత తిరకాసు ఎందుకని అడిగేవాళ్లకు ఒక మాట. 1930ల తొలినాళ్ల దాకా చాలా కార్లకు ముందు కూడా ఒకే మొండి యాక్సిల్, దాని మీద కమాన్లు (పట్టీల స్ప్రింగులు). ఒక చక్రం రాయెక్కితే రెండోదీ ఒరిగేది, కొంచెం వేగం పెరిగితే రెండు చక్రాలూ వణికేవి. జనరల్ మోటార్స్‌లో మారిస్ ఓలే అనే ఇంజనీరు దీని మీద కూర్చుని, బరువులు అటూ ఇటూ జరిపే ప్రయోగాల కారుతో తేల్చుకున్నాక 1934 మోడళ్లలో చక్రాలు దేనికది విడిగా కదిలే ఏర్పాటు వచ్చింది. మీరిప్పుడు విప్పబోయేది ఆ వంశంలోదే.

ఇక ఏది అరిగిందో కనిపెట్టడం. సగం పని ఇదే, కానీ చాలామంది దీన్ని ఎగ్గొట్టి పెట్టెడు సామాను కొనేస్తారు. స్ప్రింగు కింది ఆర్మ్ మీద ఉన్న బండిలో జాకీ ఆ ఆర్మ్ కిందే, బాల్ జాయింటుకి వీలైనంత దగ్గరగా పెట్టి లేపండి. అప్పుడు స్ప్రింగు ఒత్తిడిని జాకీ తీసుకుంటుంది, జాయింటు వదులవుతుంది, అరుగుదల ఉంటే బయటపడుతుంది. ఛాసీ పట్టి లేపితే స్ప్రింగు ఆర్మ్‌ని కిందికి తన్ని జాయింట్లను బిగబట్టి ఉంచుతుంది, లూజు ఉన్నా తెలియదు. స్ప్రింగు పై ఆర్మ్ మీద ఉంటే లెక్క తిరగబడుతుంది, ఛాసీ కిందే జాకీ పెట్టాలి.

చక్రాన్ని గడియారంలో 12, 6 ఉండే చోట్ల పట్టుకుని ఊపండి. ఆడుతోందా? ఒకర్ని బ్రేకు తొక్కమని మళ్లీ ఊపండి. ఆట ఆగిపోతే తప్పు హబ్ బేరింగుది. ఆగకపోతే బాల్ జాయింటు, లేదా ఇంకా పాత బండైతే కింగ్‌పిన్ (చక్రం పక్కకు తిరిగే ఇరుసు పిన్ను). తర్వాత టైరు కింద గడ్డపార లాంటిది పెట్టి పైకెత్తి చూడండి, కింది జాయింటు లూజు అప్పుడు బాగా తెలుస్తుంది. 3, 9 దగ్గర పట్టి ఊపితే టై రాడ్ ఎండ్ల (స్టీరింగ్‌ని చక్రానికి కలిపే కడ్డీ కొసల) సంగతి బయటపడుతుంది. కంటితో చూస్తూ, జాయింటు మీద వేళ్లు ఆనించి ఉంచండి. కంటికి దొరకని కదలిక వేళ్లకు దొరుకుతుంది. రబ్బరు బుష్ మీద సన్నటి పగుళ్లు చూసి కంగారు పడక్కర్లేదు. లోపలి గొట్టం నడిమధ్యన కాకుండా ఒక పక్కకు జారిపోయి ఉంటే మాత్రం దాని పని అయిపోయినట్టే.

ట్రయంఫ్ హెరాల్డ్, స్పిట్‌ఫైర్ లాంటి పాత బ్రిటిష్ కార్లు మీ చేతికొస్తే మొదట చూడాల్సింది కింది ట్రనియన్. చక్రాన్ని పట్టుకున్న నిలువు ఉక్కు లింకు కింది కొస మరతో ఒక ఇత్తడి రంగు లోహపు దిమ్మెలోకి దిగి ఉంటుంది, ఆ దిమ్మే ట్రనియన్, స్టీరింగ్ తిప్పినప్పుడల్లా ఆ మరలోనే తిరుగుతుంది. అందులోకి గ్రీజు కాదు, చిక్కటి గేర్ ఆయిల్ పోయాలి. ఎండబెట్టి వదిలేస్తే నీరు చేరి తుప్పు పట్టి లింకు విరుగుతుంది, చక్రం బండి కిందికి మడతపడుతుంది. మిగతావన్నీ దాని తర్వాతే.

బండి లేపే ముందు సమంగా ఉన్న గట్టి నేల, వెనక చక్రాలకు అటూ ఇటూ అడ్డాలు, ఛాసీ కింద రెండు స్టాండ్లు. జాకీ లేపడానికే, నిలబెట్టడానికి కాదు. కిందికి దూరే ముందు బండిని భుజంతో గట్టిగా నెట్టి చూడండి, పడేదేదో మీరు బయట ఉండగానే పడుతుంది. ఇంకా లైసెన్సు వయసు రాని వాళ్లు మీలో ఉంటే చూడండి, సామాను అందించండి, రాసుకోండి. స్ప్రింగు జోలికి మాత్రం పని తెలిసిన పెద్దవాళ్లు పక్కన లేకుండా పోవద్దు.

ఆ స్ప్రింగు గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఒక ముందు చక్రం మీద 300 కిలోలు పడుతున్నాయనుకోండి. స్ప్రింగు ఆర్మ్‌కి సరిగ్గా సగంలో కూర్చుంటే, మీటలెక్క ప్రకారం అది మోసేది దాదాపు 600 కిలోలు. చక్రం గాల్లో వేలాడుతున్నా అది పూర్తిగా సాగిపోదు, ఇంకా చాలా బలం అందులో దాగి ఉంటుంది. ఆ బలాన్ని ఆపుతున్నది బాల్ జాయింటు, దాని నట్టు. అందుకే ఆ నట్టు విప్పే ముందు కింది ఆర్మ్ కింద జాకీ ఉండి తీరాలి. స్ప్రింగు చుట్ల గుండా ఒక గొలుసు దూర్చి ఛాసీకి కట్టండి. మాన్యువల్ స్ప్రింగ్ కంప్రెసర్ వాడమంటే వాడండి, దాని మరల్ని చేత్తోనే తిప్పండి, యంత్రంతో తిప్పే ఇంపాక్ట్ గన్‌తో వద్దు. జాయింటు విడిపోయాక జాకీని కొంచెం కొంచెంగా దించండి. మీ మొహం, చేతులు స్ప్రింగు ఎగిరే దారిలో ఉండకూడదు. మాక్‌ఫెర్సన్ స్ట్రట్ అయితే స్ప్రింగుని నొక్కి పట్టకుండా పైనున్న నడిమి నట్టు ముట్టుకోనే వద్దు.

బాల్ జాయింటు కాడ శంకువులా సన్నబడుతూ నకిల్ కన్నంలో బిగిసి ఉంటుంది. నట్టు తీసినంత మాత్రాన ఊడదు. నట్టుని రెండు మూడు చుట్లు వదులు చేసి అలాగే ఉంచి, నకిల్ కన్నం పక్క గోడ మీద బరువైన సుత్తితో రెండు గట్టి దెబ్బలు వెయ్యండి. కొట్టాల్సింది కాడని కాదు, దాన్ని పట్టుకున్న ఇనుముని. దెబ్బకి కన్నం క్షణంపాటు సాగి పట్టు వదిలేస్తుంది, ఠప్పుమని శబ్దం వస్తుంది. ఎగిరి పడకుండా ఆ మిగిలిన నట్టు ఆపుతుంది. రెండు కొమ్ముల ఫోర్కు దోపితే కూడా వస్తుంది గానీ రబ్బరు టోపీ చిరుగుతుంది, పారేసే జాయింటుకైతే ఫర్వాలేదు. బ్రేక్ కాలిపర్‌ని (బ్రేకు డిస్కుని నొక్కే భాగం) తీగతో పైకి కట్టండి, బ్రేకు గొట్టం మీద వేలాడనివ్వద్దు.

పాత బుష్ ఊడదీయడానికి ప్రెస్సే కావాలని లేదు. పెద్ద బెంచ్ వైస్, రెండు సాకెట్లు చాలు. ఒకవైపు బుష్ కంటే కాస్త చిన్న సాకెట్, రెండోవైపు బుష్ లోపలికి జారిపోయేంత పెద్దది. వైస్ బిగిస్తుంటే కాసేపు ఏమీ జరగదు, టెన్షన్ వస్తుంది. తర్వాత కిర్రుమంటూ కదులుతుంది. కొత్త రబ్బరుకి గ్రీజు రాయకండి, పెట్రోలియం గ్రీజుకి రబ్బరు ఉబ్బుతుంది. సబ్బునీళ్లు చాలు.

ఇప్పుడు చాలామంది కొత్త సామానుని పాడు చేసుకునే చోటికి వచ్చాం. బుష్ అంటే లోపల సన్న ఉక్కు గొట్టం, బయట పెద్ద గొట్టం, రెంటికీ అతుక్కుని మధ్యలో రబ్బరు. బోల్టు బిగిస్తే లోపలి గొట్టం బ్రాకెట్ మధ్య నొక్కుకుని కదలకుండా ఉండిపోతుంది. ఆర్మ్ ఊగితే గొట్టం తిరగదు, రబ్బరు మెలిపడుతుంది. చక్రం వేలాడుతుండగా మీరు బోల్టు బిగించేశారనుకోండి, రబ్బరుకి ఆ వేలాడే స్థితే విశ్రాంతి అవుతుంది. బండి నేల మీదికి దిగగానే అది మెలిపడి, నిలబడి ఉన్నంతసేపూ అలాగే ఉంటుంది. బండి ముందు ఎత్తుగా కనిపిస్తుంది, బుష్ తొందరగా చిరుగుతుంది. తిట్లు మాత్రం సామాను తయారుచేసినవాడికి పడతాయి. అందుకని పని మొదలుపెట్టకముందే, బండి నేల మీద ఉండగా హబ్ మధ్య నుంచి మడ్‌గార్డ్ అంచు దాకా టేపుతో కొలిచి రాసుకోండి. అన్నీ అమర్చాక ఆ బోల్టుల్ని చేతి బిగువులో వదిలి, కింది ఆర్మ్ బయటి కొస కింద జాకీతో లేపుతూ అదే కొలత వచ్చినప్పుడు టార్క్ రెంచ్‌తో (బిగువు కొలిచే స్పానర్) పూర్తిగా బిగించండి. బండి స్టాండు మీంచి లేవబోతే ఆపేసి, చక్రాలు ఎక్కించి బరువు వాటి మీద ఉంచి బిగించే ఉపాయం చూడండి. పాలీయురిథేన్ అనే గట్టి ప్లాస్టిక్ బుష్‌లకు ఈ బాధ లేదు, వాటిలో లోపలి గొట్టం తిరుగుతుంది. సిలికాన్ గ్రీజు మాత్రం పెట్టాలి, ఎండితే కీచుమంటాయి, గతుకులు నడుముకి తెలుస్తాయి. పందేలకు వెళ్లే బండి కాకపోతే నా ఓటు రబ్బరుకే.

పాత పుస్తకాల్లో బిగువు అడుగు-పౌండ్లలో ఉంటుంది, 1.36 పెట్టి గుణిస్తే న్యూటన్ మీటర్లు. కిరీటం నట్టులో గాడి కన్నానికి ఎదురుగా రాకపోతే ఇంకొంచెం బిగించండి, వెనక్కి తిప్పకండి. ఆ గాడిలోంచి దూర్చి నట్టు తిరగకుండా ఆపే స్ప్లిట్ పిన్ కొత్తదే వాడాలి. నైలాన్ నట్లు కూడా అంతే. స్ప్రింగులూ షాక్ అబ్జార్బర్లూ ఎప్పుడూ జతగా, ఎడమకీ కుడికీ కలిపే మార్చాలి.

ఆర్మ్‌కీ ఛాసీకీ మధ్య షిమ్ములనే పల్చటి రేకులు కనిపిస్తే ఏ బోల్టు దగ్గరివి ఎన్నో చీటీ కట్టి దాచండి, చక్రం, దాని స్టీరింగ్ ఇరుసు ఎంత వాలి ఉండాలో చెప్పే కాంబర్, కాస్టర్ కోణాలు వాటి మీదే ఆధారపడతాయి. టై రాడ్ ఎండ్ విప్పేటప్పుడు ఎన్ని చుట్లకు ఊడిందో లెక్కపెట్టి కొత్తది అన్నే చుట్లు ఎక్కించండి. ఇది ఎలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) చేయించే చోటిదాకా బండిని తీసుకెళ్లడానికి మాత్రమే.

మొదటిసారి ఖాళీ స్థలంలో నెమ్మదిగా నడపండి, బ్రేకు రెండు మూడుసార్లు తొక్కి బండి ఏ పక్కకైనా లాగుతోందేమో చూడండి. 100 కిలోమీటర్లు తిరిగాక అన్ని బోల్టులూ మళ్లీ టార్క్ రెంచ్‌తో చూసుకోండి. కొత్త స్ప్రింగులు ఈలోగా కొంచెం కూర్చుంటాయి, కాబట్టి హబ్ నుంచి మడ్‌గార్డ్ దాకా రెండు వైపులా మళ్లీ కొలిచి, తేడా లేదనుకున్నాకే చివరి ఎలైన్‌మెంట్ చేయించండి.

ఇట్లు,
మీ తాతయ్య