రాజకీయ వాదనలు: రోజూ వినే అపోహలు, గదిలో కనిపించే వాస్తవాలు

రాజకీయంగా ఉప్పూ నిప్పూలా ఉండేవాళ్లని ఒక గదిలో కూర్చోబెట్టి మాట్లాడించడం నా పని. రాజీ చేయించడం కాదండోయ్, బయటికెళ్లాక ఎవరి పార్టీ వాళ్లదే, ఎవరి ఓటు వాళ్లదే. ఈ పనిలో ఉన్నానని తెలిస్తే చాలు, అందరూ తిప్పి తిప్పి ఇవే మాటలు చెప్తారు.

అపోహ: పాత రోజుల్లో మర్యాదగా వాదించుకునేవాళ్లు, ఇప్పుడే చెడిపోయాం.

వాస్తవం: ఏ పాత రోజులండీ? 1856లో అమెరికా సెనేట్ హాల్లోనే, బానిసత్వానికి వ్యతిరేకంగా ప్రసంగించిన సెనేటర్ చార్లెస్ సమ్నర్‌ని ప్రెస్టన్ బ్రూక్స్ అనే ప్రతినిధుల సభ సభ్యుడు చేతికర్రతో చావగొట్టాడు, సమ్నర్ కోలుకుని మళ్లీ పనిలోకి రావడానికి మూడేళ్లు పట్టింది, కొట్టినాయన్నేమో సొంత నియోజకవర్గం వాళ్లు మళ్లీ గెలిపించి పంపారు. అంతెందుకు, మనం తిట్టులా వాడే వితండవాదం అనే మాట న్యాయసూత్రాల నాటిది, అంటే మన ప్రాచీన తర్కశాస్త్ర గ్రంథం నాటిది. నిజం తేల్చుకోడానికి చేసేది వాదం, గెలుపు కోసం చేసేది జల్పం, తనకంటూ ఏ పక్షం లేకుండా ఎదుటివాడిది పడగొట్టడమే పనిగా పెట్టుకుంటే వితండ అని అప్పుడే విడదీసి చెప్పారు.

మారింది ఇంకోటి. అమెరికాలో 1960లో మీ పిల్లలు అవతలి పార్టీవాళ్లని పెళ్లి చేసుకుంటే బాధపడతారా అని అడిగితే ఔనన్నవాళ్లు నూటికి ఓ ఐదుగురు, 2010కి వచ్చేసరికి రిపబ్లికన్లలో దాదాపు సగం, డెమోక్రాట్లలో మూడోవంతు. అంటే గొడవ పాలసీ దాటి మనిషి మీదికే వచ్చేసింది.

అపోహ: ఈ గొడవంతా అల్గారిథమ్ వల్లే, అంటే ఎవరికి ఏ పోస్టు చూపించాలో తేల్చే సోషల్ మీడియా లెక్క వల్లే.

వాస్తవం: 2020 అమెరికా ఎన్నికలప్పుడు 23 వేల మందికి పైగా ఫేస్‌బుక్ ఫీడ్‌లో వాళ్ల సైడ్ పోస్టుల్లో దాదాపు మూడోవంతు తగ్గించి మూడు నెలలు చూశారు, అభిప్రాయాలు కదల్లేదు. అలాగని సోషల్ మీడియాకి క్లీన్ చిట్ ఇవ్వట్లేదు, ఏళ్ల తరబడి పట్టిన అలవాటు మూడు నెలల్లో పోతుందా?

అపోహ: అవతలివాళ్ల పోస్టులు రోజూ చదివితే మనసు మెత్తబడుతుంది.

వాస్తవం: 2018లో వచ్చిన ఒక స్టడీలో ట్విట్టర్ వాడేవాళ్లకి నెలపాటు అవతలి పక్షం ట్వీట్లు చూపించారు. రిపబ్లికన్లు ఇంకా బిగుసుకుపోయారు, డెమోక్రాట్లలో చెప్పుకోదగ్గ మార్పే లేదు. మనిషి ఎదురుగా లేకుండా అరుపులు మాత్రం వినిపిస్తే అంతే మరి.

అపోహ: వాళ్లంతా అంతే, మాట్లాడి లాభం లేదు.

వాస్తవం: దీని దగ్గర కాస్త ఆగాలి. 2019లో అమెరికాలో లెక్క తీస్తే, అవతలి పార్టీలో అతివాదులు నిజంగా ఉన్నదానికి దాదాపు రెట్టింపు ఉన్నారని రెండు వైపులవాళ్లూ అనుకుంటున్నారు. తమాషా ఏంటంటే రాజకీయాలు పట్టించుకోనివాళ్ల అంచనాలే నిజానికి దగ్గరగా ఉన్నాయి!

మా దగ్గర ఒక రూల్ ఉంది, జవాబు చెప్పే ముందు ఎదుటివాళ్లు అన్నది వాళ్లు ఒప్పుకునేలా తిరిగి చెప్పాలి. మొన్న పేదలకి నేరుగా డబ్బివ్వడం మీద ఒక రిటైరైన పెద్దాయన, ఒక కుర్రాడు కూర్చున్నారు. పెద్దాయన మొదటిసారి, "జనాన్ని సోమరిపోతుల్ని చెయ్యాలంటాడు" అన్నాడు. కుర్రాడు, "నేనలా అన్లేదండీ." రెండోసారి, "పన్ను కట్టేవాళ్ల డబ్బు పంచిపెట్టాలంటాడు." "సగమే చెప్పారు అంకుల్." నాలుగోసారికి గానీ కుదరలేదు. "ఇల్లు గడవక పిల్లలు బడి మానేసేచోట, ఉద్యోగాలొచ్చేదాకా ఆగమనకూడదు, ముందు చేతికి డబ్బందాలి, అంతేనా బాబూ?" "ఆఁ, అదేనండీ."

కుర్రాడి వంతొచ్చింది, "అంకుల్‌కి పేదలంటే పడదు" అనేశాడు. పెద్దాయన కాసేపు మాట్లాడలేదు. "మా నాన్న కూలికెళ్లి చదివించాడయ్యా నన్ను" అన్నాడు. ఆ తర్వాత ఇద్దరి అభిప్రాయం మారిందా అంటే లేదు, కానీ కుర్రాడు ఇంకో మూడుసార్లు ప్రయత్నించి ఆయన మాట సరిగ్గా చెప్పాడు.

అపోహ: సివిల్ డిబేట్ అంటే నెమ్మదిగా మాట్లాడటం.

వాస్తవం: గొంతు పెంచండి, బల్ల గుద్దండి, నాకేం ఇబ్బంది లేదు. తియ్యటి గొంతుతో ఎదుటివాణ్ణి పురుగులా చూసేవాళ్లతోనే నాకు ఎక్కువ కష్టం. మా గదిలో నిషేధం ఒక్క మాటకే, "మీవాళ్లు". ఆ పెద్దాయన గంటలో మూడుసార్లు అనేసి మూడుసార్లూ నాలిక కరుచుకున్నాడు.