మొదటి పేజీకి పందులు, సింహాలు ఎలా ఎక్కాయి?

బ్రిటన్ పార్లమెంటుకు జూలై చివర సెలవులిస్తే మళ్లీ సెప్టెంబరులోనే సమావేశం. ఆగస్టులో పైకోర్టులకూ సెలవులే. వార్తలు తగ్గినా నింపాల్సిన పేజీలు తగ్గవు. ఈ కరువు రోజులను పత్రికలవాళ్లు 1861 నుంచే 'సిల్లీ సీజన్' అంటున్నారు. అప్పుడు అక్కరకొచ్చేవి జంతువులు. జంతువు ఖండన పంపదు, పరువునష్టం దావా వేయదు. అందుకే సరిచూసుకోవడం ముందు సడలేది ఇలాంటి వార్తల్లోనే.

1934 ఏప్రిల్ 21న డెయిలీ మెయిల్ లోక్ నెస్ సరస్సులో వింతజంతువు అంటూ ఫోటో వేసింది. అది బొమ్మ సబ్‌మెరీన్‌కు తల, మెడ అతికించి తీసినదని 1994లో బయటపడింది. అసలు ఫోటోలో చుట్టూ చాలా నీళ్లు, అవతలి ఒడ్డు ఉన్నాయి. వాటిని కత్తిరించి మధ్యభాగాన్నే పెద్దది చేయడంతో చిన్న అలలు కెరటాల్లా, బొమ్మ భారీ జంతువులా కనిపించాయి. కొలతకు ఆధారమైనదాన్ని కోసేస్తే ఫోటో అబద్ధమాడుతుంది.

'సన్' పత్రిక 1969లో, మెయిల్ 1971లో టాబ్లాయిడ్ (పెద్ద పత్రికలో సుమారు సగం) సైజుకు మారాక సీజనుతో పనిలేకుండా పోయింది. పెద్ద సైజు పత్రికలో ఇలాంటి కథ పేజీ అడుగున సర్దుకునేది. టాబ్లాయిడ్ మొదటి పేజీలో ఒక ఫోటో, లావుపాటి అక్షరాల్లో ఒక శీర్షిక పడితే ఇక చోటుండదు. పైగా అక్కడ చాలా కాపీలు రోజూ దుకాణంలో విడిగా అమ్ముడవ్వాలి. 'ఫ్రెడ్డీ స్టార్ నా హామ్‌స్టర్‌ను తినేశాడు' అని సన్ 1986 మార్చి 13న పతాక శీర్షిక పెట్టింది. తాను తినలేదని ఆ హాస్యనటుడు చెప్పాడు. 1998 జనవరిలో మాల్మ్స్‌బరీ కబేళా నుంచి రెండు పందులు తప్పించుకుంటే, మెయిల్ ఏకంగా వాటిని కొనేసి కథను తన సొంతం చేసుకుంది.

దీని ఖర్చు పత్రికతో ఆగదు. 2012 ఆగస్టులో ఎసెక్స్‌లో సింహం తిరుగుతోందనగానే సాయుధ పోలీసులు, హెలికాప్టర్లు, జూ సిబ్బంది దిగారు. మర్నాడు గాలింపు ఆపేశారు. అది పెద్ద పిల్లి అయి ఉంటుందన్నారు.

తెలుగు పత్రికలు ఎక్కువగా నెల చందాపై ఇంటికే వస్తాయి కాబట్టి మొదటి పేజీకి ఆ ఒత్తిడి తక్కువ. ఇక్కడ జంతువు వార్తకు బరువు కూడా ఎక్కువే. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఒక చిన్నారిని చంపింది. అది ముమ్మాటికీ మొదటి పేజీ వార్తే. ఊళ్లో కుక్క అడుగును చిరుతదని అచ్చేస్తే, నిజంగా చిరుత వచ్చినప్పుడు చేసే హెచ్చరికను జనం పట్టించుకోరు. నష్టం అక్కడుంది.

పత్రిక డెస్కుకు అడుగుజాడ ఫోటో వస్తే కత్తిరించనిదే అడగాలి. పక్కన స్కేలో నాణెమో ఉండాలి. కుక్క అడుగులో సాధారణంగా గోళ్ల గుర్తులు పడతాయి. చిరుత నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటుంది కాబట్టి మామూలుగా పడవు. అడవిపిల్లికీ పడవు గానీ దాని అడుగు చాలా చిన్నది. ఆ ఫోటో అటవీ రేంజ్ ఆఫీసరు చూశాకే శీర్షిక పెట్టాలి.